పిన్యాతల దుకాణం మీద నా రాత

మెక్సికో దేశంల ఒక గుట్ట మీద ఊరుంది. ఇంటికో రంగు, సందుకో రంగు. ఆ ఊరికి ఊరంతా రంగులేసి వచ్చినోణ్ణి నేను. నల్లగొండ గడియారం సెంటర్ల ఎవలను అడిగినా ఈ సంగతి చెప్తరు, ఎందుకంటే అందరికి నేనే చెప్పిన. చాయ్ దుకాణంల కూసున్నోళ్ళకు చెప్పిన. మందుల షాపాయనకు గోలీలు కట్టిచ్చేదాక చెప్పిన. బస్సుల పక్క సీటాయనకు దేవరకొండ వచ్చేదాక చెప్పిన, పాపం ఆయన మధ్యల దిగిపోదామని చూసిండు. మొదట్ల ఒక వీధి అనేటోణ్ణి. వినేటోళ్ళ కండ్లు పెద్దగైనకొద్ది వీధి వాడయింది, వాడ ఊరయింది.

నోటితోని చెప్పుడు వేరు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్న, రేపు ఎవలన్న ముందలేసి అడిగితే జవాబు చెప్పాలె. అందుకని జర తగ్గిస్త. ఊరు కాదు. వీధి గూడ కాదు. ఒక గోడ. మిగిలింది తర్వాత తగ్గిస్త, ఒక్కసారే అంత దిగాలంటే నాకు గూడ కష్టమే.

నేను బోర్డులు రాసేటోణ్ణి. నల్లగొండ, మిర్యాలగూడ, అటు పాలమూరు దిక్కు జడ్చర్ల దాక దుకాణాల మీద పేర్లు, గోడల మీద ఎరువుల ప్రకటనలు, లారీల వెనుక హారన్ కొట్టుమనే మాటలు రాసుకుంట బతికిన. తెలంగాణ వచ్చిన యేడు నా కుంచె ఆరలే. ఆఫీసుల బోర్డుల మీద పాత రాష్ట్రం పేరు గీకుడు, కొత్త పేరు రాసుడు. జీపులు, నీళ్ళ ట్యాంకర్లు వరుస కట్టి నిలబడేటివి, నంబర్ల ముంగట అక్షరాలు మార్చుమని. 'తెలంగాణ' అన్న మాట నేను రాసినన్నిసార్లు జిల్లాల ఇంకెవ్వడు రాయలేదని అప్పట్ల అనేటోణ్ణి. అది గూడ పెంచిందే. కాని మరీ ఎక్కువ పెంచలే.

తర్వాత జిల్లాలు పగిలి కొత్త జిల్లాలైనయి. మల్ల బోర్డులన్ని మారినయి. ఈ పారి మాత్రం అవి మిషిన్ల నుంచి చుట్టలు చుట్టలుగ దిగినయి. ఫ్లెక్సీ నా పని తిన్నదని కనపడ్డోనికల్లా చెప్పుకున్న. విన్నోళ్ళు అయ్యో అన్నరు. అయ్యో అనిపించుకునుట్ల ఒక రుచి ఉన్నది, దానికి అలవాటు పడ్డ.

అందుట్ల నిజం సగమే. మిగిలిన సగం నా కుడిచెయ్యి. అది వణకబట్టింది.

ఒక రైతు కొత్త ట్రాలీ కొని, వెనుక తలుపు మీద బిడ్డ పేరు రాయుమని తోలుకొచ్చిండు. పేరుల లకారం ఉన్నది. దాని సున్న తిరిగే కాడ కుంచె పక్కకు దుంకింది. తుడిచి మల్ల రాసిన, మల్ల దుంకింది. ఆయన మంచోడు. "పర్వాలేదు పెద్దయ్యా, మంచిగనే ఉన్నది" అన్నడు. కొన్ని దినాలకు అదే ట్రాలీ సాగర్ రోడ్డు మీద ఎదురైంది. నా అక్షరాల మీద స్టిక్కర్ అంటిచ్చి ఉన్నది, రెండు గులాబీ పువ్వులతోని.

ఆ పొద్దే కుంచెలు గుడ్డల చుట్టి రేకు డబ్బల పెట్టిన. దవాఖానల డాక్టరు "వయసు వణుకు, ప్రాణానికేం కాదు" అన్నడు. నా ప్రాణం ఏ చేతుల ఉంటదో ఆయనకేం ఎరుక. ఇంట్ల ఎవలకు చెప్పలే. కాని మా ఇంటామె నాకు చాయ్ గ్లాసు సగమే పోసి ఇచ్చుడు మొదలుపెట్టింది. 

గట్ల నడుస్తుంటే పాలమూరుకు ఇచ్చిన మా చెల్లె బిడ్డ ఫోన్ చేసింది. అది మెక్సికో రాజధానిల మందుల కంపెనీల నౌకరి చేస్తది. నాకు మేనకోడలు కాబట్టి నన్ను ఎంత మాటన్నా అనొచ్చని దాని హక్కు.

"మామా, ఫోటోలు పంపిన సూసినవా? నీ అసొంటి పాత సామాన్లు గీడ ఇంకా నడుస్తున్నయి. కోడికూర హోటల్ కాడికెళ్ళి పంక్చర్ షాపు దాక అన్ని చేత్తోనే రాస్తరు."

సూసిన. కండ్లద్దాలు తుడుచుకొని మల్ల సూసిన. ఒక గోడ మీద నవ్వుతున్న పంది, దాని పక్కన ఎర్ర అక్షరాలు, అక్షరానికి నల్ల నీడ. ఆ నీడ వేసినోని చెయ్యి నాకు నచ్చింది. ఏ దిక్కు నుంచి ఎండ పడుతుందో తెలిసి వేసిండు.

"చలికాలం సెలవులల్ల అత్తను తీసుకొని రా. టికెట్లు నేను చేస్త. రంగుల ఊర్లు తిప్పుత, పెద్ద పెద్ద బొమ్మలు చూపిస్త" అన్నది.

నేను అప్పుడే పట్టు పట్టిన. ఆ దేశంల ఒక్క గోడ మీదన్న నా చేత్తోని రాయాలె. నల్లగొండల రాస్తే, తప్పితే, బజారంత సూస్తది. ఆడ నేనెవలో ఎవలకు తెల్వదు. చెయ్యి ఉన్నదా పోయిందా ఆడ తేల్చుకుంట. ఉన్నదంటే వచ్చినంక మల్ల పని మొదలుపెడత. పోయిందంటే కుంచెలు ఇంకెవలకన్న ఇచ్చేసి, ఇగ ఆ మాట ఎత్త.

పెట్టె సదిరేటప్పుడు బరువు కాడ పంచాయితి అయింది. మా ఇంటామె మేనకోడలికని మామిడికాయ తొక్కు పెట్టింది. ఆమె అవతలికి పోంగనే తొక్కు సీసా తీసి కుంచెల డబ్బ పెట్టిన. మెక్సికోల పెట్టె తెరిచినంక ఆమె డబ్బను సూసింది, నన్ను సూసింది.

"తొక్కు ఏది?"

"విమానపోళ్ళు తీసుకున్నరు గావచ్చు."

"తీసుకొని కుంచెలు పెట్టి పంపిండ్రా?"

మేనకోడలు పడి పడి నవ్వింది. తొక్కు పోయిందని తర్వాత అదే మూతి ముడుచుకున్నది.

మొదట రాజధానిల ఒక పెద్ద భవనం చూపిచ్చింది. మెట్లు ఎక్కుతుంటే మూడు దిక్కుల గోడలంత బొమ్మలే. రైతులు, గుర్రాలు, బల్లేలు పట్టినోళ్ళు, బట్టతల దొరలు, ఒకల మీద ఒకలు కిక్కిరిసి ఉన్నరు. మా ఇంటామె మక్కకంకులు మోస్తున్న ఒక ఆడామె ముంగట నిలబడి, "గీమె నడుము సూడు, ఎత్తినంక ఎట్ల వంగిందో. వేసినోనికి బరువెరుక" అన్నది. నాకు మాత్రం అంత పెద్ద గోడల ఒక మనిషి చేతిల ఉన్న కాగితమే కనపడ్డది. దాని మీద అక్షరాలున్నయి. కాగితం వంగిన కాడ అక్షరాలు గూడ వంగినయి. మెడ నొచ్చేదాక దాన్నే సూసిన.

"మామా, గింత చరిత్ర గోడ మీద పెడితే నువ్వు చిట్టీ చదువుతున్నవా?" అన్నది మేనకోడలు.

అటెన్క గుట్టల నడుమ ఉన్న గ్వానహువాతోకు పోయినం. ఆ పేరు మా ఇంటామె నోట్ల తిరగలే, గువ్వనాతు అని తనే పేరు పెట్టుకున్నది. పొద్దుగాల గజగజ వణికిచ్చే చలి, పగటీలి మాడు పగిలే ఎండ. గుట్ట మీదికి పట్టాల మీద వైరు గుంజే డబ్బల ఎక్కి కిందికి సూస్తే ఇండ్లు ఒకదాని నెత్తిన ఒకటి. పసుపు, కనకాంబరం, ఆకుపచ్చ, నీలం, రాణి రంగు. పక్కింటి రంగుతోని ఏ ఇల్లుకు పొత్తు లేదు. భువనగిరి గుట్టకు ఇండ్లు మొలిపిచ్చి వాటికి రంగులేస్తే గిట్లనే ఉంటదని నేనన్న.

"గుట్టెందుకు," అన్నది మా ఇంటామె, "బతుకమ్మను పేర్చినట్టున్నది. సూడు, కింద వెడల్పు, మీదికి పోయినకొద్ది సన్నం."

ఆమె మాటే సరైంది. నేను ఒప్పుకోలే.

ఊరు చూసుడు వాళ్ళ పని, గోడ దొరకబట్టుడు నా పని. మొదట ఒక పంక్చర్ షాపు కాడ నిలబడ్డ. అక్షరాలు మాసిపోయినయి. కుంచెలు చూపిచ్చి, గోడ చూపిచ్చి, నా ఎద మీద చెయ్యి పెట్టుకున్న. ఆయన నా చెయ్యి దిక్కు సూసిండు, వద్దన్నట్టు తల ఊపిండు. ఒక బార్బర్ షాపాయన నవ్వి నన్ను కుర్చీల కూసోబెట్టి గడ్డం గీయబోయిండు. ఒక హోటలాయన రేపు రమ్మన్నడు. రేపు పోతే తలుపు మూసి ఉన్నది.

"మామా, అడుక్కున్నట్టున్నది. నాకు సిగ్గయితుంది" అన్నది మేనకోడలు.

"నువ్వు దూరం నిలబడు. నేనెవలో తెల్వదని చెప్పు."

"చెప్తే నమ్ముతరా? ముక్కు ఒక్కతీరుగున్నదిగద మనది."

పోనియ్యి అనుకోలే. ఇంటికి పోతే ఆ డబ్బ మల్ల తెరవనని నాకు ఎరుకే. ఇంకో సందు, ఇంకో సందు అనుకుంట మెట్లెక్కి, మెట్లు దిగి, మోకాళ్ళు మొత్తుకుంటుంటే ఒక చిన్న దుకాణం ముంగట ఆగినం. చూరు కింద రంగు కాగితాల బొమ్మలు వేలాడుతున్నయి. పాత పేపర్లు అంటుపిండితోని అతికిచ్చి, కుండ లెక్క చేసి, చుట్టూ కొమ్ముల లెక్క కోసలు పెట్టి, వాటి మీద కాగితం కుచ్చులు అంటిస్తరు. లోపట మిఠాయిలు, పల్లీలు పోస్తరు. క్రిస్మస్ ముంగటి దినాలల్ల తాడుకు కట్టి వేలాడదీస్తే, పిల్లలు కండ్లకు గంతలు కట్టుకొని కట్టెతోని కొడతరు. మన కృష్ణాష్టమి ఉట్టి కొట్టుడు లెక్కనే, కాకపోతే మీద నీళ్ళు పోసేటోళ్ళు ఉండరు. దాన్ని పిన్యాత అంటరు.

దుకాణం నడిపేటామె మా ఇంటామె ఈడుదే. గిరాకి మీద గిరాకి, చేతులు ఆగుతలేవు. మా ఇంటామె ఎవలను అడగకుంటనే ఆమె పక్కన పీట మీద కూసొని కాగితం కుచ్చులు కత్తిరించుడు మొదలుపెట్టింది. ఆమె స్పానిష్, ఈమె తెలుగు. ఎవలి భాషల వాళ్ళు అడుగుతున్నరు, ఎవలి భాషల వాళ్ళు జవాబు చెప్తున్నరు, మధ్యల నవ్వుతున్నరు గూడ.

తలుపు మీది గోడ రాణి రంగు. దాని మీద ఇంగ్లీషు అసొంటి అక్షరాలల్ల 'పిన్యాతాస్' అన్న పేరు ఎండకు పాలిపోయి నీడ లెక్క మిగిలింది. నేను మేనకోడలిని మోచేత్తోని పొడిచిన. అది అడిగింది. ఆమె నన్ను కిందికెల్లి మీదికి సూసింది.

"ఏమంటుంది?"

"గిరాకి దినాలంట. పాడైతే జనం దుకాణం మూసిండ్రనుకుంటరంట. పేరు రాసేటాయన పండుగైనంక వస్తడంట."

"పాడు చేస్తే గోడంత మల్ల పూసి ఇస్తనని చెప్పు. పూసుడైతే ఎవల చెయ్యన్న పూస్తది."

ఆమె ఏదో అన్నది. మేనకోడలు నవ్వింది. "మీ అత్త కుచ్చులు మంచిగ కోస్తున్నది, ఆమె మొకం సూసి ఒప్పుకుంటున్న అంటుంది."

గట్ల నా ముప్పై, నలభై యేండ్ల పనితనం మీద కాకుండ, కాగితం కుచ్చుల మీద గోడ దొరికింది.

ఆ సందేళ పాత అక్షరాలు గీకి రాణి రంగు పూసిన. తెల్లారి సుద్దదారం కొట్టి గీతలు తీసిన. మేనకోడలు "కాగితం మీద రాసిస్త ఆగు మామా" అంటే, "గీకకముందు గోడ మీదనే సూసి మనసుల పెట్టుకున్న, నాకు కాగితమెందుకు?" అని కాఫీకి తోలిచ్చిన.

మా పనిల మొదటి పాఠం కింద జాగ వదులుడు. తెలుగు అక్షరం కింద వత్తులుంటయి. 'వస్త్రాలయం' రాయాలంటే స కింద త వత్తు, దాని పక్కన ర వత్తు వస్తయి. జాగ చాలకుంటే వత్తు పోయి చెప్పులిడిచిన కాడ పడతదని మా ఉస్తాద్ తిట్టేటోడు. వాళ్ళ అక్షరాలకు వత్తులుండయి, నాకెరుకే. కాని చేతికి ఎరుక లేదు. గీతలు తీసేటప్పుడే అక్షరాలను మీదికి జరిపి, కింద జానెడు జాగ వదిలిన. గోడ మీది అంచుకు నీలం పట్టీ ఒకటున్నది, దానికి అక్షరాల తలలు తగులుతున్నయి.

నిచ్చెన మీద నిలబడ్డ. ఎడమచెయ్యి కుడి మణికట్టు కింద పెట్టిన. చిటికెనవేలు గోడకు ఆనిచ్చిన. ఊపిరి విడిచేటప్పుడే గీత లాగాలె, పీల్చేటప్పుడు ఆగాలె. మొదటి అక్షరం నిలువు గీత జర వంకరైంది. గోడ గరుకున్నది. గుడ్డతోని తుడిచి మల్ల లాగిన. వాళ్ళ రంగు మన ఎనామిల్ అంత చిక్కగుండదు, జారుతది, అందుకని ఇంకోపారి తుడవాల్సి వచ్చింది. కింద గిరాకి వస్తుంది, పోతుంది. ఎవలో ఒక ముసలాయన నిలబడి సూసి, టోపీ తీసి, పెట్టుకొని పోయిండు. నేను తల తిప్పలే. దిగితే మల్ల ఎక్కనని భయం. ఆఖరి అక్షరం ఎస్. అది మొత్తం వంకలే, నిలువు గీత ఒక్కటి గూడ ఉండదు ఆనుకోనీకి. దాన్ని మూడు ఊపిర్లల్ల తిప్పిన. తిరిగింది.

ఆ పొద్దు నా చెయ్యి ఒక్కపారి గూడ వణకలే.

దిగి సందు అవతల నిలబడి సూసుకున్న. పసుపుపచ్చ అక్షరాలు, సక్కగ, ఒకదాని పక్కన ఒకటి.  అప్పుడే మేనకోడలు కాఫీ పట్టుకొని వచ్చింది. చదివింది. మల్ల చదివింది.

"మామా, ఎన్ మీద అల ఏది?"

"ఏం అల?"

"ఎన్ మీద చిన్న అల ఉంటది. అది ఉంటేనే న్య. లేకుంటే పినాత అయితది."

అప్పుడు యాదికొచ్చింది. గీకేటప్పుడు ఎన్ మీద వంకర మరక ఒకటున్నది. పిట్ట రెట్ట అనుకొని ముందుగాల దాన్నే తుడిచిన.

"న్య అంటే య వత్తు కిందుండాలెగద!" అన్న.

"ఇది తెలుగు కాదు మామా. వీళ్ళకు మీదుంటది."

కింద జానెడు జాగ ఖాళీ. మీద పిసరంత జాగ లేదు. అక్షరాల తలలు నీలం పట్టీని ముద్దు పెట్టుకుంటున్నయి. దుకాణమామె బయటికొచ్చింది. మేనకోడలు రెట్ట ముచ్చటంత చెప్పింది. ఆమె గోడ పట్టుకొని నవ్వింది, కూసొని నవ్వింది, లోపలికి పోయి ఎవలికో చెప్పి మల్ల నవ్వింది. నేను తుడిచేస్తనని గుడ్డ తీసిన. ఆమె నా చేతిల గుడ్డ గుంజుకున్నది.

"ఏమంటుంది?"

"పిన్యాత వేలాడేది గాలిలనేగద, అలను గూడ గాలిల ఉండనియ్యి అంటుంది. నీలం మీద వెయ్యంట."

నిచ్చెనెక్కి, గీత దాటి, నీలం పట్టీ మీద పసుపుపచ్చ అల వేసిన. ఒక్క ఊపుల వచ్చింది. కిందికెల్లి సూస్తే ఎన్ నెత్తి మీదికెల్లి పిట్ట ఎగిరిపోయినట్టున్నది. ఇప్పుడు చివరిదాక తగ్గిస్త: ఊరు కాదు, వీధి కాదు, గోడ గూడ పూర్తిగ కాదు. ఒక్క మాట. ఏడు అక్షరాలు, ఒక అల. మేం ఆ ఊరు ఇడిచేదాక ఆమె దుకాణం ముంగట జనం తలెత్తి సూస్తనే ఉన్నరు. నవ్వనీకి సూసిండ్రో, మెచ్చనీకి సూసిండ్రో, నేను మాత్రం మెచ్చనీకనే అని రాసుకుంటున్న.

వచ్చినంక కుంచెల డబ్బ మల్ల అటక ఎక్కలే. మిర్చి బజ్జీల బండి నడిపే ఆడబిడ్డ ఒకామె పేరు రాసిస్తవా పెద్దయ్యా అని అడిగితే, రాస్తనన్న. బండి రేకు ఇప్పుడు మా వాకిట్ల గోడకు ఆనిచ్చి ఉన్నది. తెల్ల రంగు పూసిన, ఆరింది. రేపు పొద్దుగాల ఎండ ఎక్కకముందు కూసుంట.

గింతదాక రాసి, మా ఇంటామెకు చదివి వినిపిచ్చిన. ఆమె ఎండల కూసొని అనపకాయలు ఒలుస్తుంది. తొక్కు కాడ నవ్వింది. బతుకమ్మ కాడ "ఇప్పుడన్న ఒప్పుకున్నవ్" అన్నది. నిచ్చెన కాడికి వచ్చేసరికి ఒలుసుడు ఆపింది.

"ఆగు. గదేంది, చెయ్యి వణకలేదా?"

"వణకలే."

"గోడ గరుకని రాసినవ్. గోడ నున్నగున్నది, నేను చెయ్యి పెట్టి సూసిన. రంగు జారిందని రాసినవ్, రంగు చిక్కగనే ఉండె. వణికింది. పీ కాడికెళ్ళి ఎస్ దాక వణికింది. నేను కుచ్చులు కోసుకుంట నీ చెయ్యే సూస్తున్న. అల గూడ ఒక్క ఊపుల రాలే, మూడు పార్లు తుడిచినవ్."

 ఆమె ఇంకో అనపకాయ అందుకున్నది.

"వణుక్కుంటనే రాసినవ్. గది రాయి."